ఆర్.ఏ. బట్లర్: మూడు పెద్ద శాఖలు నడిపిన కన్సర్వేటివ్ మంత్రి ప్రధాని ఎందుకు కాలేకపోయారు?

చరిత్ర అధ్యాపకురాలు (ప్రశ్న)

నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు ఆధునిక చరిత్ర బోధిస్తున్నాను. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం గురించి చెప్పేటప్పుడు భారత వ్యవహారాల మంత్రి శామ్యూల్ హోర్ పేరూ, ఆ బిల్లును చర్చిల్ ఎంత తీవ్రంగా ఎదిరించారన్న సంగతీ ప్రతి సంవత్సరం ప్రస్తావిస్తూనే ఉంటాను. అయితే కామన్స్ సభలో హోర్ పక్కన కూర్చుని, వందల క్లాజులున్న ఆ బిల్లును ఒక్కొక్కటిగా సమర్థిస్తూ గట్టెక్కించిన ముప్పై రెండేళ్ల ఉపమంత్రిని ఇన్నాళ్లూ నేను పట్టించుకోలేదు. ఆయనే రిచర్డ్ ఆస్టెన్ బట్లర్. పేరులోని పొడి అక్షరాలను కలిపి అందరూ ఆయనను ‘ర్యాబ్’ అని పిలిచేవారు.

ఈ మధ్య ఆయన జీవితాన్ని కాస్త శ్రద్ధగా చదివాక నాకు ఆశ్చర్యమూ, కొంత బాధా కలిగాయి. ఆయన 1902లో పంజాబులోని అటక్‌లో పుట్టారు. తండ్రి మాంటేగు బట్లర్ ఐసీఎస్ అధికారి, తరువాత సెంట్రల్ ప్రావిన్సెస్ గవర్నరు. చిన్నతనంలో గుర్రం మీది నుంచి పడి విరిగిన కుడి చేయి జన్మంతా సరిగా స్వాధీనంలోకి రాలేదు. 1929లో ఎసెక్స్‌లోని శాఫ్రన్ వాల్డెన్ నుంచి ఎంపీగా గెలిచి, 1965 దాకా ఆ ఒక్క నియోజకవర్గానికే ప్రాతినిధ్యం వహించారు. విద్యామంత్రిగా, ఆ తరువాత మూడు పెద్ద శాఖలైన ఆర్థిక, హోం, విదేశాంగ శాఖల మంత్రిగా పనిచేశారు. ప్రధానులు జబ్బుపడినప్పుడూ, దేశంలో లేనప్పుడూ ప్రభుత్వాన్ని నడిపినది కూడా ఆయనే. ఇంత చేసిన మనిషికి 1957లో ఒకసారి, 1963లో మరొకసారి ప్రధాని పదవి నోటిదాకా వచ్చి చేజారిపోయింది.

నా సందేహం ఇది. ఆయనను పార్టీ నమ్మకపోవడానికి అసలు కారణం ఏమిటి? రెండోసారి కూడా అదే కారణం పనిచేసిందా? పోనీ, ప్రధాని కాలేదన్న ఒక్క కొలతతో ఆయన జీవితాన్ని వైఫల్యంగా చూడడం సమంజసమేనా? ఈ విషయం చదివినవారు వివరంగా రాస్తే నా తరగతిలో కూడా ఉపయోగించుకుంటాను.

పాత పత్రికల పాఠకుడు (జవాబు)

అధ్యాపకురాలు గారికి నమస్కారం. మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు దొరికితే మిగిలినవాటి బరువు కొంత తగ్గుతుంది. ఒక మంత్రిని కొలవవలసింది ఆయన చేరుకున్న పదవితో కాదు, ఆయన వెళ్లిపోయాక కూడా నిలిచిన చట్టంతో అని నమ్మేవాడిని నేను. ఆ లెక్కన 1944 విద్యా చట్టం ఒక్కటి చాలు, ఇరవయ్యో శతాబ్దపు బ్రిటన్‌లో బట్లర్‌ను చాలామంది ప్రధానుల కంటె ముందు నిలబెట్టడానికి.

1941 జులైలో చర్చిల్ ఆయనను విద్యా బోర్డు అధ్యక్షుడిగా నియమించారు. యుద్ధం సాగుతుండగా విద్యాశాఖ అంటే ప్రధాన రంగానికి దూరంగా ఒక మూలన కూర్చోబెట్టడమేనని అప్పట్లో చాలామంది అనుకున్నారు. బట్లర్ మాత్రం ఆ శాఖను కోరి తీసుకున్నవాడిలా పనిచేశారు. కొత్త బిల్లు తెస్తానని ఆయన ప్రతిపాదిస్తే, యుద్ధకాలంలో విద్యా బిల్లు ఊహకైనా అందదని చర్చిల్ సెప్టెంబరులోనే తేల్చి చెప్పారు. చర్చిల్ భయానికి కారణం ఉంది. 1902 నాటి విద్యా చట్టం చర్చి బడుల వివాదాన్ని రగిల్చి, వారి పార్టీని ఎన్నికల్లో బాగా దెబ్బతీసింది. ఆ గాయం ఆయనకు గుర్తుంది.

బట్లర్ ప్రధానితో వాదనకు దిగలేదు, అలాగని ఊరుకోనూ లేదు. లేబర్ పార్టీకి చెందిన తన సహాయమంత్రి, ఒకప్పుడు బడిపంతులుగా పనిచేసిన జేమ్స్ చ్యూటర్ ఈడ్‌ను వెంటబెట్టుకుని, ఆంగ్లికన్ మతాధిపతులతో, స్వతంత్ర చర్చిలవారితో, కాథలిక్ బిషప్పులతో, ఉపాధ్యాయ సంఘాలతో, స్థానిక సంస్థలతో రెండేళ్లకు పైగా మంతనాలు సాగించారు. ఇంగ్లండ్, వేల్స్ దేశాల్లో సుమారు సగం బడులు చర్చిల చేతుల్లో ఉండేవి. వాటిలో అనేకం శిథిలమైన భవనాలు, బాగుచేయడానికి చర్చిల దగ్గర డబ్బు లేదు. ప్రభుత్వం డబ్బిస్తే మతబోధపై తమ అధికారం పోతుందని చర్చిల భయం, అధికారం వదలకుండా ప్రజాధనం తీసుకుంటారా అని మిగిలినవారి కోపం.

ఈ ముడిని బట్లర్ విప్పిన తీరును నేను ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. ఆయన చర్చిల ముందు రెండు దారులు పెట్టారు. మరమ్మతుల ఖర్చులో సగం మీరు భరిస్తే ఉపాధ్యాయుల నియామకమూ, మతబోధా మీ చేతుల్లోనే ఉంటాయి, అది ‘ఎయిడెడ్’ బడి. ఖర్చంతా స్థానిక సంస్థే భరించాలంటే పెత్తనంలో ఎక్కువ భాగం దానిదే అవుతుంది, మతబోధ అందరూ అంగీకరించిన పాఠ్యప్రణాళిక ప్రకారం సాగుతుంది, అది ‘కంట్రోల్డ్’ బడి. ఆర్చిబిషప్ విలియం టెంపుల్ తన చర్చి బడుల భవనాలు ఎంత దయనీయంగా ఉన్నాయో తెలిపే లెక్కలు చూశాకనే ఈ రాజీకి మొగ్గారు. కాథలిక్కులు చివరిదాకా సంతృప్తి చెందలేదు. అయినా వారి అసంతృప్తి బిల్లును ఆపగలిగేటంత పెద్దది కాకుండా బట్లర్ జాగ్రత్తపడ్డారు.

ఫలితంగా ప్రభుత్వ నిర్వహణలోని ఉన్నత పాఠశాలల్లో ఫీజులు రద్దయ్యాయి. నిర్బంధ చదువు వయసు పద్నాలుగు నుంచి పదిహేనుకు పెరగడం 1947లో అమలైంది. దాన్ని వీలైనప్పుడు పదహారుకు పెంచే ఏర్పాటు కూడా చట్టంలోనే ఉంది గాని, అది అమలయ్యేసరికి 1972 వచ్చింది. లోపాలు లేవని నేను అనను. పదకొండేళ్లకే ఒక పరీక్ష పెట్టి పిల్లలను చదువులో ముందున్నవారి గ్రామర్ బడికీ, సాధారణ బడికీ విడదీసే పద్ధతి ఆ చట్టం నీడలోనే పెరిగి, లక్షల కుటుంబాల్లో చేదు మిగిల్చింది. ధనికుల ప్రైవేటు ‘పబ్లిక్ స్కూళ్ల’ జోలికి బట్లర్ వెళ్లలేదు. ఆ సంగతి తేల్చమని ఒక సంఘాన్ని వేసి పక్కన పెట్టారు. అది నా దృష్టిలో ఆయన చేజార్చుకున్న పెద్ద అవకాశం. అప్పటి ప్రజాభిప్రాయం ఆ బడులకు అంత అనుకూలంగా కూడా లేదు.

1944 మార్చిలో ఈ బిల్లు మీదనే ఒక విచిత్రమైన ఘట్టం జరిగింది. మహిళా ఉపాధ్యాయులకు పురుషులతో సమాన వేతనం ఇవ్వాలని కన్సర్వేటివ్ సభ్యురాలు థెల్మా కజలే-కీర్ ప్రతిపాదించిన సవరణ 117–116 ఓట్లతో, అంటే ఒకే ఒక్క ఓటుతో నెగ్గింది. చర్చిల్ దాన్ని ప్రభుత్వంపై విశ్వాస ప్రశ్నగా మార్చి 425–23తో తిరగరాయించారు. బట్లర్ ప్రధాని పక్షాన నిలిచారు. బిల్లు బతికింది, సమాన వేతనం చచ్చింది. ఆయన రాజకీయమంతా ఆ రెండు రోజుల్లో కనిపిస్తుందనిపిస్తుంది నాకు. పెద్ద పని దక్కించుకోవడానికి ఒక న్యాయమైన కోరికను వదులుకోగలిగిన మనిషి ఆయన. దాన్ని మెచ్చుకోవాలా, తప్పు పట్టాలా అన్నది చదివేవారి మనసును బట్టి ఉంటుంది. నేను బరువెక్కిన మనసుతోనే మెచ్చుకుంటాను.

పార్లమెంటు పరిశీలకుడు (జవాబు)

పైన రాసిన పెద్దల వివరణ పట్ల గౌరవంతోనే విభేదిస్తున్నాను. విద్యా చట్టం గొప్పదే. కాని అధ్యాపకురాలు గారు అడిగింది పార్టీ ఆయనను ఎందుకు నమ్మలేదని. దానికి జవాబు 1938లో వెతకాలని నా అభిప్రాయం.

1938 నుంచి 1941 దాకా బట్లర్ విదేశాంగ ఉపమంత్రి. మంత్రి లార్డ్ హాలిఫాక్స్ ప్రభువుల సభలో ఉండేవారు కాబట్టి, హిట్లర్‌ను బుజ్జగించే విధానాన్ని కామన్స్ సభలో ప్రధాని చెంబర్లిన్‌తో పాటు సమర్థించే పని బట్లర్ మీద పడింది. ఆయన దాన్ని అయిష్టంగా చేయలేదు, నమ్మి చేశారు. ఫ్రాన్స్ కూలిపోతున్న 1940 జూన్‌లో స్వీడన్ రాయబారి బ్యోర్న్ ప్రిట్స్‌తో ఆయన జరిపిన సంభాషణ, బ్రిటన్ రాజీకి సిద్ధంగా ఉందేమోనన్న అర్థం వచ్చేలా స్టాక్‌హోమ్‌కు చేరింది. చర్చిల్ దానిపై హాలిఫాక్స్‌కు కటువైన ఉత్తరం రాశారు. బట్లర్ వివరణ ఇచ్చుకుని పదవి నిలుపుకున్నారు గాని, యుద్ధంలో పోరాడి వచ్చిన తరం ఎంపీల మనసుల్లో ఆ మచ్చ చెరిగిపోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి, 1938లో చెంబర్లిన్ హిట్లర్‌తో చేసుకున్న మ్యూనిక్ ఒప్పందాన్ని బాహాటంగా ఎదిరించిన హెరాల్డ్ మాక్‌మిలన్ పక్కన నిలబెడితే బట్లర్ వెలవెలబోయేవారు.

1956 సూయజ్ సంక్షోభంలో ఇదే కథ మళ్లీ నడిచింది. సూయజ్ కాలువను జాతీయం చేసిన ఈజిప్టుపై బ్రిటన్ చేసిన దాడి విషయంలో బట్లర్‌కు సందేహాలున్నాయి. వాటిని ఆయన అక్కడక్కడ మాటల మధ్య వెళ్లగక్కారు గాని రాజీనామా చేయలేదు, మంత్రివర్గంలో గట్టిగా అడ్డుకోనూ లేదు. దాంతో దాడిని సమర్థించినవారు ఆయనను ద్రోహి అనుకున్నారు, వ్యతిరేకించినవారు పిరికివాడు అనుకున్నారు. ప్రధాని ఈడెన్ అనారోగ్యంతో జమైకా వెళ్లినప్పుడు సైన్యాన్ని వెనక్కి పిలిపించే చేదు బాధ్యత బట్లర్ మీద పడింది, నిందా ఆయనకే దక్కింది. మొదట దాడి కోసం అందరికంటె ఎక్కువ పట్టుబట్టి, అమెరికా నుంచి డాలర్ల ఒత్తిడి రాగానే అందరికంటె ముందు వెనక్కి తగ్గిన ఆర్థికమంత్రి మాక్‌మిలన్ మాత్రం నవంబరు 22న పార్టీ ఎంపీల సమావేశంలో ఉత్సాహంగా మాట్లాడి మనసులు గెలుచుకున్నారు. అదే వేదిక మీద బట్లర్ ప్రసంగం చప్పగా ఉంది. 1957 జనవరిలో ఈడెన్ రాజీనామా చేశాక మంత్రివర్గంలోని పెద్దలు లార్డ్ సాల్స్‌బరీ, లార్డ్ కిల్ముయిర్ మిగిలిన మంత్రులను ఒక్కొక్కరిగా పిలిచి బట్లరా, మాక్‌మిలనా అని అడిగితే దాదాపు అందరూ మాక్‌మిలన్ పేరే చెప్పారు. రాణి సలహా అడిగినప్పుడు చర్చిల్ కూడా ఆయన పేరే చెప్పారు.

రెండు పక్షాలకూ దగ్గరగా ఉండాలనుకునే వ్యక్తిని ప్రశాంత సమయంలో అందరూ మెచ్చుకుంటారు. నిప్పు అంటుకున్నప్పుడు మాత్రం, తప్పో ఒప్పో ఒక వైపు నిలబడినవాడినే నాయకుడిగా ఎన్నుకుంటారు. నా మాట కఠినంగా తోస్తే క్షమించండి.

రాజనీతి విద్యార్థి (జవాబు)

పరిశీలకుడు గారి విశ్లేషణ 1957కు సరిపోతుంది. కాని దాన్ని 1963 దాకా సాగదీస్తే నిలవదు. కారణం చెబుతాను.

1963 అక్టోబరులో బట్లర్‌తో పోటీ పడిన ముఖ్యులు లార్డ్ హెయిల్‌షామ్, లార్డ్ హ్యూమ్. వీరిలో హెయిల్‌షామ్ అంటే, మ్యూనిక్ ఒప్పందమే ప్రధానాంశంగా 1938లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన ఉప ఎన్నికలో చెంబర్లిన్ పక్షాన నిలిచి గెలిచిన క్వింటిన్ హాగ్. ఇక హ్యూమ్ ఎవరు? ఆ రోజుల్లో లార్డ్ డన్‌గ్లాస్ పేరుతో చెంబర్లిన్‌కు పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేసి, ఆయన వెంట మ్యూనిక్‌కు స్వయంగా వెళ్లి వచ్చిన మనిషి. 1940 మే 10న చర్చిల్ ప్రధాని అయిన సాయంత్రం, దిగిపోయిన చెంబర్లిన్ పేరు మీద బట్లర్‌తో కలిసి గ్లాసు ఎత్తిన కొద్దిమందిలో ఆయన కూడా ఉన్నారు. బుజ్జగింపు మచ్చే బట్లర్‌కు అడ్డు అయి ఉంటే, అదే మచ్చ హ్యూమ్‌కు ఎందుకు అడ్డు కాలేదు? ఇద్దరిలో ఒకరి పాపం గుర్తుండి మరొకరిది మరుగున పడిందంటే, అక్కడ పనిచేసింది వేరే ఏదో ఉంది.

నా దృష్టిలో ఆ వేరేది, నాయకుడిని ఎంచుకునే పద్ధతి. అప్పటికి కన్సర్వేటివ్ పార్టీలో నాయకత్వానికి ఎన్నిక అనేదే లేదు. పెద్దలు నలుగురూ అభిప్రాయాలు సేకరించి రాణికి సలహా చెబుతారు. ప్రోస్టేట్ జబ్బుతో ఆసుపత్రిలో చేరిన మాక్‌మిలన్ మంచం మీది నుంచే ఈ సేకరణను నడిపించారు. మంత్రుల అభిప్రాయాలను లార్డ్ ఛాన్సలర్ డిల్‌హార్న్, ఎంపీల అభిప్రాయాలను చీఫ్ విప్ మార్టిన్ రెడ్‌మేన్ సేకరించారు. మీ మొదటి ఎంపిక ఎవరని మాత్రమే అడగకుండా, రెండో ఎంపిక ఎవరు, ఎవరు అసలే వద్దు అని కూడా అడిగారు. అలాంటి ప్రశ్నకు ఎక్కువమంది అభిమానించే పేరు కంటె తక్కువమంది అభ్యంతరపెట్టే పేరే పైకి తేలుతుంది. ముప్పై ఏళ్లకు పైగా అభిప్రాయాలు చెబుతూ, చట్టాలు చేస్తూ వచ్చిన బట్లర్‌కు అభ్యంతరం చెప్పేవారు ఉండడం సహజం. సభకు దూరంగా ప్రభువుల సభలో ఉన్న హ్యూమ్‌కు శత్రువులు తక్కువ.

మాక్‌మిలన్ మొదట హెయిల్‌షామ్‌కూ, ఆయన బ్లాక్‌పూల్‌లోని పార్టీ మహాసభలో ఆవేశపడి చేసిన హడావిడి చూశాక హ్యూమ్‌కూ మొగ్గారు. బట్లర్ వైపు ఎప్పుడూ మొగ్గలేదు. అంతకుముందు మంత్రిగా ఉన్న ఇయాన్ మెక్లౌడ్ 1964 జనవరిలో ‘స్పెక్టేటర్’ పత్రికలో రాస్తూ, ధనికుల పిల్లలు చదివే ఈటన్ పాఠశాల నుంచి వచ్చిన కొద్దిమంది పెద్దల ‘మాయా వలయం’ ఈ ఎంపిక చేసిందని బయటపెట్టారు. ఈడెన్, మాక్‌మిలన్, హ్యూమ్, హెయిల్‌షామ్ నలుగురూ ఈటన్‌లో చదివినవారే. బట్లర్ చదివింది మార్ల్‌బరోలో. బయటివారికి ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు, కాని ఆ పార్టీలో ఆ రోజుల్లో అది చిన్నది కాదు.

న్యాయశాస్త్ర విద్యార్థిని (జవాబు)

ఈ చర్చలో హోం శాఖ ప్రస్తావన రాకపోవడం లోటుగా తోచి రాస్తున్నాను. 1957 నుంచి 1962 దాకా ఐదున్నరేళ్లు ఆయన హోం మంత్రి. శిక్షల విధానంపై 1959లో ఆయన తెచ్చిన శ్వేతపత్రం, జైళ్లను పరిశోధన ఆధారంగా సంస్కరించాలని చెప్పింది. కేంబ్రిడ్జిలో నేరశాస్త్ర సంస్థ స్థాపనకు చొరవ కూడా ఆయనదే. కొరడా దెబ్బల శిక్షను మళ్లీ తేవాలని సొంత పార్టీ మహాసభలో ప్రతినిధులు కేకలు వేస్తుంటే, వేదిక మీద నిలబడి కాదని చెప్పగలిగారు. ఆయనను పిరికివాడు అనేవారు ఆ దృశ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా విన్నపం.

అదే మనిషి, స్వలింగ సంబంధాలను నేరంగా చూడరాదన్న వుల్ఫెండన్ నివేదికను 1958లో ప్రజాభిప్రాయం సిద్ధంగా లేదంటూ పక్కన పెట్టారు. ఆ మార్పుకు 1967 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. వీధి వ్యభిచారానికి సంబంధించిన సిఫారసులను మాత్రం 1959లోనే చట్టం చేశారు. 1960 నాటి బెట్టింగ్, గేమింగ్ చట్టం, అప్పటిదాకా చాటుగా సాగిన పందేలను లైసెన్సు దుకాణాల్లోకి తెచ్చింది. 1962 కామన్వెల్త్ వలసల చట్టం కూడా ఆయన చేతి మీదుగానే వచ్చింది. భారత్, పాకిస్తాన్, వెస్టిండీస్ నుంచి ఉద్యోగాల కోసం వెళ్లేవారికి అంతకుముందున్న స్వేచ్ఛను ఆ చట్టం తీసేసి, వోచర్ల (ఉద్యోగ అనుమతి పత్రాల) పద్ధతి పెట్టింది. లేబర్ నాయకుడు గేట్‌స్కెల్ దాన్ని తీవ్రంగా ఖండించారు. బట్లర్‌ను ఉదారవాదిగా మాత్రమే చూపించేవారు ఈ చట్టాన్ని దాటవేస్తుంటారు. వలస వెళ్లినవారి కుటుంబాలు మాత్రం దాన్ని మరచిపోలేవు.

చరిత్ర అధ్యాపకురాలు

అందరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. మ్యూనిక్ విషయంలో విద్యార్థి గారు చూపిన పోలిక నా ఆలోచనను మార్చింది. ఒక సంగతి నా వైపు నుంచి చేరుస్తాను. 1935 చట్టంలో రాష్ట్రాల స్వపరిపాలన భాగం 1937లో అమలైంది, సంస్థానాధీశులు చేరకపోవడంతో సమాఖ్య భాగం అమలుకే రాలేదు. అయినా ఆ చట్టపు చట్రంలో చాలా భాగం మన రాజ్యాంగంలోకి వచ్చింది. గవర్నరు పాలనకు వీలు కల్పించిన 93వ సెక్షనుకూ రాష్ట్రపతి పాలనకు వీలు కల్పించే మన 356వ అధికరణానికీ ఉన్న బంధుత్వం విద్యార్థులకు ఎప్పుడూ చెబుతుంటాను. చర్చిల్ వర్గం ఆ బిల్లును మరీ ఎక్కువ ఇస్తోందని తిట్టింది, మన నాయకులు ఏమీ ఇవ్వడం లేదని తిట్టారు. మధ్యలో నిలబడి ఇద్దరి తిట్లూ భరించడం బట్లర్‌కు ముప్పై ఏళ్ల వయసులోనే అలవాటైనట్టుంది.

ఇంకొక ప్రశ్న అడగవచ్చా? ఆర్థికమంత్రిగా ఆయన పనితీరు ఈ ఓటములకు కొంతైనా కారణమైందా? 1963లో హ్యూమ్ ప్రభుత్వంలో చేరనని బట్లర్ మొండికేసి ఉంటే పరిణామం మారేదా?

పాత పత్రికల పాఠకుడు (జవాబు)

మొదటి ప్రశ్నకు నేను రాస్తాను. 1951లో చెల్లింపుల లోటు ముదిరిన స్థితిలో ఖజానా ఆయన చేతికి వచ్చింది. దిగుమతులు తగ్గించి, బ్యాంకు రేటును 1952 మార్చినాటికి నాలుగు శాతానికి పెంచి పరిస్థితిని నిలబెట్టారు. పౌండు విలువను మార్కెట్‌కు వదిలేయాలన్న ‘రోబో’ పథకాన్ని ఆయన సమర్థించినా మంత్రివర్గం ఒప్పుకోలేదు. యుద్ధకాలం నాటి రేషనింగు 1954లో పూర్తిగా ముగిసింది ఆయన హయాంలోనే. లేబర్ తరఫున అంతకుముందు ఆ పదవిలో ఉన్న గేట్‌స్కెల్ విధానాలకూ ఈయనవాటికీ తేడా కనిపించడం లేదంటూ ‘ఎకనామిస్ట్’ పత్రిక ఇద్దరి పేర్లూ కలిపి ‘బట్‌స్కెల్’ అనే మనిషిని సృష్టించింది. పార్టీలోని కరడుగట్టినవారు ఆ మాటను ఆయన మీద ఆయుధంగా వాడుకున్నారు.

1953 వేసవిలో చర్చిల్‌కు పక్షవాతం వచ్చింది. వారసుడు ఈడెన్ అప్పటికే శస్త్రచికిత్స కోసం బోస్టన్‌లో ఉన్నారు. వారాల తరబడి మంత్రివర్గ సమావేశాలకు బట్లర్ అధ్యక్షత వహించారు. ఆనాడు ఆయన పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో అని అనుకునేవారున్నారు. ఆయన పట్టుబట్టలేదు. 1954 డిసెంబరులో భార్య సిడ్నీ క్యాన్సర్‌తో మరణించారు. ఆ దుఃఖంలో ఉండగానే 1955 ఏప్రిల్ బడ్జెట్‌లో ఆదాయపు పన్ను తగ్గించి, మే ఎన్నికల్లో పార్టీ గెలిచాక, అక్టోబరులో వంటపాత్రల దాకా కొనుగోలు పన్ను వేయవలసి రావడం ఆయన పేరును బాగా దెబ్బతీసింది. ఆ ఏడాది చివర ఖజానా మాక్‌మిలన్‌కు వెళ్లింది. 1957లో ఎదురైన ఓటమికి సూయజ్ ఎంత కారణమో, ఆ రెండు బడ్జెట్లూ అంతే కారణమని నా అభిప్రాయం.

రాజనీతి విద్యార్థి (జవాబు)

రెండో ప్రశ్నకు: అవును, మారేది. 1963 అక్టోబరు 18 ఉదయం రాణి ఆసుపత్రికి వెళ్లి మాక్‌మిలన్ సలహా విన్నాక, హ్యూమ్‌ను వెంటనే ప్రధానిగా నియమించలేదు. ప్రభుత్వం ఏర్పాటు చేయగలరేమో చూసి రమ్మన్నారు. అంతకుముందు రాత్రి మంత్రి ఈనాక్ పావెల్ ఇంట్లో మెక్లౌడ్ మొదలైనవారు సమావేశమై, బట్లర్‌కు మద్దతు ఇస్తామనీ, హ్యూమ్ కింద పనిచేయబోమనీ నిర్ణయించారు. హెయిల్‌షామ్ కూడా ఆ రాత్రి అదే మాట అన్నారు. బట్లర్ ఒక్క ‘కాదు’ అంటే హ్యూమ్‌కు మంత్రివర్గం సమకూరేది కాదు. తూటాలు నింపిన పిస్తోలు చేతిలో పెట్టినా ఆయన పేల్చలేదని పావెల్ తరువాత చెప్పేవారు. మెక్లౌడ్, పావెల్ మాట మీద నిలబడి బయటే ఉండిపోయారు. బట్లర్ ఒక రోజు ఆలోచించి విదేశాంగ శాఖ తీసుకున్నారు. హ్యూమ్ 19న ప్రధాని అయ్యారు.

ఇది పిరికితనమేనని నేనూ ఒకప్పుడు అనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు. 1846లో, విదేశీ ధాన్యంపై పన్ను వేసే ధాన్యపు చట్టాల రద్దుపై ప్రధాని రాబర్ట్ పీల్ పట్టుబట్టడంతో కన్సర్వేటివ్ పార్టీ రెండుగా చీలి, మళ్లీ సొంత మెజారిటీ చూడడానికి 1874 దాకా ఆగవలసి వచ్చింది. ఎన్నికలు ఏడాదిలో ఉండగా పార్టీని చీల్చి ప్రధాని కావడం బట్లర్ దృష్టిలో ప్రధాని కాకపోవడం కంటె పెద్ద తప్పు. బడుల రాజీ కోసం చర్చిలతో రెండేళ్లు ఓపిక పట్టినవాడికీ, ఆ ఒక్క రోజులో తలవంచినవాడికీ మధ్య నాకు తేడా కనిపించడం లేదు. పరిశీలకుడు గారు బలహీనత అన్నదీ, పాఠకుడు గారు గొప్పతనం అన్నదీ ఒకే గుణమని నాకు తోస్తుంది.

1964 అక్టోబరులో లేబర్ పార్టీ నాలుగు స్థానాల మెజారిటీతో నెగ్గింది. బట్లర్ నాయకుడై ఉంటే ఆ నాలుగూ ఇటు వచ్చేవేమో అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. మరుసటి ఏడాది ఆయన కామన్స్ సభను వదిలి, కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాల అధిపతిగా వెళ్లారు. అదే 1965లో కన్సర్వేటివ్ పార్టీ నాయకుడిని ఎంపీల ఓట్లతో ఎన్నుకునే నియమం తెచ్చుకుంది. జులైలో ఆ నియమం ప్రకారం ఎడ్వర్డ్ హీత్ గెలిచే నాటికి, ముప్పై ఆరేళ్లు సభలో కూర్చున్న బట్లర్‌కు ఆ ఎన్నికలో ఓటు కూడా లేదు.